సంఘమంతా ప్రార్థించిన వీసా

పోయిన నెలలో మంచిర్యాల బస్టాండుకు దగ్గర్లో, మేడ మీదున్న ఒక ట్రావెల్స్ ఆఫీసులో, నేనూ నా భార్యా ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. దుబాయిలో ఏళ్ల తరబడి పనిచేసి వయసు మళ్లినవాళ్లు మళ్లీ అక్కడే ఉండిపోవడానికి ఇచ్చే రిటైర్మెంట్ వీసా ఒకటుంది. దానికి నా పేరు మీద, నాతోపాటు ఆమె పేరు మీద దరఖాస్తు పెట్టడానికి వెళ్లాం. మా వయసువాళ్లకు ఈ ఆఫీసుల సంగతి చెప్పనక్కరలేదు; కాగితం ఉంటే దానికి జిరాక్సు ఉండదు, జిరాక్సు ఉంటే దాని మీద ముద్ర ఉండదు, ముద్ర కూడా ఉంటే ఫొటో వెనకాల గోడ తెల్లగా లేదంటారు. అది మూడోసారి వెళ్లడం, నాకప్పటికే ఓపిక అడుగంటింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయేమో, ఒక్కో ప్రశ్న చదువుతూ మేం చెప్పింది కొట్టుకుంటూ పోతున్నది. మధ్యలో తల ఎత్తకుండానే అడిగింది.

"ఆంటీ పేరు మీద ఇంతకుముందు ఎప్పుడన్న వీసా పెడితే రిజెక్ట్ అయిందా?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది.

"ఒక్కసారా బిడ్డా! మా సంఘమంత మోకాళ్ల మీదున్నా రాకపాయె."

"అయితే ఎప్పుడెప్పుడైందో రాయాలె అంకుల్. దాస్తే గిది గూడ పోతది."

ఇద్దరూ నా ముఖం వైపు చూస్తున్నారు. పెళ్లి సర్టిఫికెట్టు ఇంట్లో మరిచిపోయాననీ, మళ్లీ వస్తామనీ చెప్పి లేచాను. సర్టిఫికెట్టు నా సంచిలోనే ఉంది.

మా ఊరు గోదావరికి ఇవతల, పెద్దపల్లి వైపు. ఊళ్లో చిన్న మెథడిస్టు క్రైస్తవ సంఘం ఉంది. ఇన్నేళ్ల ప్రార్థనకు దేవుడు ఇప్పటికి జవాబిస్తున్నాడని, వీసా చేతికి రాగానే కృతజ్ఞత కూడిక పెట్టి నా భార్యతో సాక్ష్యం చెప్పించాలని సంఘంలో అందరూ అప్పటికే మాట్లాడుకుంటున్నారు. ఆ మాట నిజం కాదు. అప్పటికి నిజమేమిటో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, అందుకే నేనే రాయాలి.

బాపు పోయిన మరుసటి ఏడాది నేను దుబాయి వెళ్లాను. ఏసీలు బాగుచేసే పని. ఒకే రూములో అందరం మన వైపువాళ్లమే, పైనా కిందా మంచాలు, వంతులవారీగా వంట. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన అన్న ఒకాయన జొన్నరొట్టె కొడితే ఆ చప్పుడుకే ఆకలయ్యేది, నా వంతు వచ్చినరోజు మాత్రం పప్పుచారే గతి, "నీ చారుల పప్పు ఏడుందిరా, ఈదుకుంట పోయి చూడాల్నా?" అని తిట్టుకుంటూనే గిన్నె ఊడ్చేవాళ్లు. అప్పట్లో అక్కడ సెలవు శుక్రవారం, అందుకే ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. పొద్దున తెలుగు ఆరాధనకు వెళ్లి, మధ్యాహ్నం మాంసం కూర తిని, సాయంత్రం దాకా పేకాట. ఎండలో మిద్దెలెక్కి వారమంతా ఒళ్లు కాల్చుకున్నవాడికి ఆ ఒక్క పూట స్వర్గంలా ఉండేది. ఆ రూము గురించి రాయాలంటే ఇంకా చాలా ఉంది గానీ, అసలు సంగతి వాయిదా వెయ్యడం నాకు ఎప్పుడూ ఉన్న గుణమే.

కొన్నేళ్లకు జీతం పెరిగి, భార్యను తెచ్చుకునే అర్హత వచ్చింది. నాతోపాటు అర్హత వచ్చినవాళ్లు తెచ్చుకున్నారు. నేను తెచ్చుకోలేదు. మా అవ్వ, అంటే అమ్మ, ఆపిందని ఎవరైనా అనుకుంటే అది అవ్వకు అన్యాయం. "తీస్కపో బిడ్డా, నా ఫికర్ జెయ్యకు, నేను మీ అక్క దగ్గరుంట" అని మొదట అన్నది అవ్వే. ఆపింది నేను. సెలవుకు వచ్చినప్పుడు తెల్లచొక్కా, చేతికి గడియారం, సెంటు వాసన. ఊళ్లో నేను నడిస్తే కూర్చున్నవాళ్లు లేచి పలకరించేవాళ్లు. అక్కడ నూనె మరకల డాంగ్రీ తొడుక్కుని, నాకంటే చిన్నవాడు అందరి ముందూ అరుస్తుంటే తలవంచుకుని నిలబడేవాణ్ని. ఆ తలవంచిన మనిషిని నా భార్య చూడకూడదు. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

ఆ మాట చెప్పలేక, వీసా పెట్టినాను గానీ రాలేదని ఇంట్లో చెప్పాను. ఒక్కసారికే అయిపోతుందనుకున్నాను. మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడుగుతారు. జ్వరాలున్నవాళ్లు, పరీక్షలున్నవాళ్లు, బర్రె ఈనాల్సినవాళ్లు, ఎవరి మనవి వాళ్లు లేచి చెప్పుకుంటారు. అవ్వ లేచి మా కోడలి వీసా కోసం అంది. ఆ ఆదివారం మొదలు ఆ మనవి ఆగలేదు. నేను సెలవుకు వచ్చినప్పుడు, నా కళ్లెదుటే, నేను పెట్టని వీసా కోసం సంఘమంతా మోకరించేది, నేనూ వాళ్లతో మోకరించేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నేల చల్లదనం మోకాళ్లకు తగులుతుంది.

ఆ రోజుల్లో మా ప్రార్థన గుడిలో పాట ఎత్తుకునేది నా భార్య. ఆమె మొదటి వరుస ఎత్తుకుంటే తాళాలు, కంజీర, ఆడవాళ్లందరి గొంతులూ వెనకాల వచ్చి చేరేవి. ఒక సెలవుకు వచ్చేసరికి ఆమె వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటున్నది, పాట ఇంకెవరో ఎత్తుకుంటున్నారు. అడిగితే గొంతు పట్టింది, పొలంల దుమ్ము అంది. నేను దగ్గు మందు సీసాలు తెచ్చి ఇచ్చాను.

బీడీలు చుట్టే పెద్దమ్మ ఒకామె మా ఇంటి వెనకాలే ఉండేది, వరసకు అవ్వకు అక్క. చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని, వేళ్లు వాటి పని అవి చేసుకుంటుంటే పెదవులతో ప్రార్థన చేసుకునేది. నా భార్య వీసా కోసం ఆమె ప్రతి శుక్రవారం ఉపవాసం పట్టింది. నేను వచ్చిన ప్రతిసారీ "వీసా ఏమాయె బిడ్డా?" అని అడిగేది. ఆఫీసులో తిప్పి పంపిన్రు పెద్దమ్మా అంటే, "నా ఉపవాసంలనే ఏదో కొదువున్నది" అనేది. శుక్రవారం ఆమె ఇక్కడ మంచినీళ్లతో ఉన్నప్పుడు నేనక్కడ మాంసం కూర తింటున్నానని నాకు తెలుసు. అవ్వ పోయిన ఏడాదే పెద్దమ్మ కూడా పోయింది. ఆ తరువాత మనవి చెప్పేవాళ్లు లేక, ఆ వీసా సంగతి మెల్లగా సద్దుమణిగింది.

రెండేళ్ల కింద పని మానేసి ఇంటికి వచ్చేశాను. వచ్చాక నాకు ఇక్కడ కూర్చోవడం చేతకాలేదు. పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఈ రిటైర్మెంట్ వీసా గురించి విన్నప్పుడు, అప్పుడు ఇవ్వనిది ఇప్పుడు ఇచ్చేస్తే పాతదాని మాట ఎత్తకుండానే చెల్లుకుపోతుందని అనుకున్నాను. ట్రావెల్స్ ఆఫీసులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నతో ఆ దారి మూసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి, నా భార్య అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే చెప్పాను. ఆమె ఆ ముద్ద అయ్యేదాకా గింజలు తీసింది. తరువాత అంది.

"గన్నేండ్లు నేను దేవునితోని కొట్లాడిన. కొట్లాడాల్సింది నీతోనా?"

చింతపండు ఇంకో ముద్ద అందుకుంది.

"పాట గూడ బంద్ జేస్తి. నేనడిగింది ఇయ్యనోనికి నేనెందుకు పాడాలని బంద్ జేస్తి. నువ్వు దగ్గు మందు తెస్తివి."

గింజలు దోసిట్లోకి ఎత్తుకుంటూ మళ్లీ అడిగింది. "పెద్దమ్మకేం జెప్తవు?"

"ఆమె లేదు గదా."

"అందుకే అడుగుతున్న."

రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటే నడిచింది. మూడోరోజు పొద్దున ఆమే చీర మార్చుకుని, సంచి తీసుకుని, లే పోదాం అంది. మంచిర్యాలలో ఆ అమ్మాయి మళ్లీ అదే ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగితే నా భార్య నన్ను చూడకుండానే చెప్పింది.

"రిజెక్ట్ గాలే బిడ్డా. అసలు పెట్టనే లేదు. మా ఆయన మర్సిపోయిండు."

మరిచిపోయాడు అని, పరాయి పిల్ల ముందు నా పరువు కాపాడింది. ఆ ఒక్క మాట నన్ను తిట్లకంటే ఎక్కువ కుదిపింది. ఆ ఆదివారమే, అయ్యగారు మనవులు అడిగినప్పుడు నేను లేచి, మరిచిపోలేదని, కావాలనే పెట్టలేదని సంఘం ముందు చెప్పాను. నాతోపాటు మోకరించిన ముసలివాళ్లలో కొందరు నేలచూపులు చూశారు. ఒకాయన మాత్రం, "అయితే నా మోకాళ్లు గింత అరిగింది నీ పేరు మీదనేనారా?" అన్నాడు, ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా నవ్వలేదు. అయ్యగారు పాట నంబరు చెప్పారు. చివరికి ఎవరో ఎత్తుకున్నారు, నా భార్య కాదు.

వీసా వచ్చింది. ఇప్పుడంతా ఫోన్లోనే, వచ్చిందీ రానిదీ ఇద్దరికీ ఒకేసారి టింగుమని తెలిసిపోతుంది. మా కాలంలో రెండు దేశాల నడుమ ఒక అబద్ధం ఏళ్లకేళ్లు సుఖంగా కూర్చునేంత ఖాళీ ఉండేది; ఆ ఖాళీని దూరమని పిలిచి అందరం జాలిపడేవాళ్లం. నా భార్య ఫోను చూసి బల్ల మీద పెట్టి, "ఒకసారి వచ్చి చూస్త. ఉంటనో ఉండనో ఆడనే చెప్త. ముందుగాల నువ్వెక్కిన మిద్దెలు చూపియ్యి" అంది. ఆ మిద్దెల్లో కొన్నింటిని ఇప్పటికే కూల్చేశారు. రూములోవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు, రొట్టెలు కొట్టిన అన్న ఆసిఫాబాద్‌లో మనవలను ఆడించుకుంటున్నాడు. ఆమె చూడకూడదని నేను దాచిన ఆ తలవంచిన యువకుణ్ని చూపిద్దామన్నా ఇప్పుడు అక్కడ లేడు. అక్కడ సెలవు కూడా ఆదివారానికి మారింది.

శుక్రవారం ఇప్పుడు అక్కడ పనిరోజు. ఇక్కడ, ఈ నెల రోజులుగా, శుక్రవారం నేను మంచినీళ్లతోనే ఉంటున్నాను. ఎందుకని నా భార్య అడగలేదు. తినుమని కూడా అనలేదు.