మంచును తడిమి చూసిన దస్తగిరి మామ

చిత్తూరు బస్టాండు ముందర చెరకురసం అమ్మే అతను గోనెసంచి పరిచి ఐసుగడ్డను పగలగొడుతుంటే ఒక పెచ్చు ఎగిరి నా మణికట్టు మీద పడింది. నడినెత్తిన ఎండ. పెచ్చు కరిగి మోచేతి దాకా జారేలోపల నాకు మంచుకొండలు, మృగాలు, ఒక మహానుభావుడు, అన్నీ గుర్తుకొచ్చాయి. కాబట్టి ఇప్పుడు మీకొక మహాకావ్యం వినిపించబోతున్నాను. నిజం చెప్పాలంటే అంత లేదు. మృగాలంటే ముఖ్యంగా మేకలు. మిగిలిందల్లా, చిత్తూరు జిల్లా మనుషులిద్దరు ఒక రేకుల గుడిసెలో చలికాలమంతా ముక్కులు చీదుకుంటూ గడిపిన సంగతి. వాళ్ళలో ఒకణ్ణి నేను. రెండో మనిషి పాకాల దస్తగిరి మామ.

డెబ్బైల చివర్లో నేను డిగ్రీ తప్పి, ఇంట్లో నాయన ముఖం చూడలేక, ఉత్తరాన మంచుకొండల్లో రోడ్డు పనికి గుమాస్తాగా పోయాను. నా మాట యాస వినగానే అక్కడివాళ్ళు నన్ను దస్తగిరి మామ గుడిసెకు గుమాస్తాగా తోలేశారు. మామది దూదేకుల ఇల్లు. తాతల కాలం నుంచి పాకాల వీధుల్లో పరుపులు కుట్టినవాళ్ళు. ఆయన వయసులో ఉండగా రోడ్డు కూలీగా వచ్చి, చివరికి మంచు చూసే మనిషయ్యాడు. పొద్దున్నే మంచులో పాతిన కొలకర్ర చూడాలి, చలి ఎంతో చూడాలి, ఎదురుగా ఉన్న కొండవాలు ఎలా ఉందో చూడాలి, అన్నీ పుస్తకంలో రాసి కింద క్యాంపుకు ఫోనులో చెప్పాలి. మామ సరేనంటే ఆ వాలు కింద లారీలు పోతాయి. వద్దంటే ఆగుతాయి.

పుస్తకంలో చివరి గడి ‘ఇతర విషయాలు’. తక్కిన గుడిసెలవాళ్ళు అందులో ‘లేవు’ అని రాసేవాళ్ళు. మామ మాత్రం ‘ఎదురువాలులో కొండమేకలు పదకొండు, మేస్తున్నవి’ అని రాసేవాడు.

“లారీలకీ మేకలకీ ఏం సంబంధం మామా? అవేమన్నా టికెట్లు కొన్నాయా?” అన్నాను మొదటివారం.

“మంచు వదులైతే మనకన్నా ముందు వాటికి తెలస్తాది రా మునిరత్నం. కాలు పెట్టి సూస్తాయి. బాగలేదంటే ఆ వాలు మీద ఒక్కటి కూడా నిలబడదు. నీ మాదిరి నోటితో బతికే జీవాలు కాదప్పా అవి.”

ఆయన మంచును కళ్ళతో కంటే వేళ్ళతోనే ఎక్కువ చూసేవాడు. చేతితొడుగు తీసి పిడికెడు తీసుకుని నలిపేవాడు. “ఇది ఏకిన దూది, గాలికి పోతాది. ఇది తడిసిన దూది, బరువుండాది, నమ్మొద్దు.” ఈయన కొండకు పరుపు కుడతాడేమోనని నేను క్యాంపంతా చెప్పి నవ్వించాను. ఒకరోజు గుడిసె వెనక కుందేలు అడుగులు కనబడ్డాయి. వరసగా ముప్పై అడుగులు పోయి, మైదానం మధ్యలో ఆగిపోయాయి. పక్కన రంధ్రం లేదు, పొద లేదు.

“కుందేలు ఇక్కడ బస్సెక్కినట్టుంది మామా.”

“ఎక్కినాది. రెండు పక్కలా సూడు, బస్సు రెక్కలు.” చివరి అడుగుకు అటూ ఇటూ మంచు మీద విసనకర్రతో తుడిచినట్టు రెండు గుర్తులు. గద్ద. మామ తలపాగా సర్దుకున్నాడు. ఆ రోజు గడిలో ‘కుందేలు ఒకటి, పోయింది’ అని రాశాడు.

ఆ ఏడు చలి అక్కడి ముసలివాళ్ళు కూడా ఎరగనిది. పదకొండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. లోయ లేదు, రోడ్డు లేదు, పైనున్నది ఆకాశమో కొండో తెలియదు. పిట్టలు గుడిసె చూరు కింద గుండీల్లా గట్టిపడి రాలేవి. ఒక నక్క మా ఎంగిలిగిన్నె దగ్గరకొచ్చి, సిగ్గుపడే చుట్టంలా నిలబడేది. మేకలు పొట్టదాకా కూరుకుపోయి, గిట్టలతో మంచు తవ్వి ఎండుగడ్డి పీకేవి. పదకొండు తొమ్మిదయ్యాయి. తొమ్మిది ఏడయ్యాయి. ఒకటి తగ్గిన రోజు మామ గంజి తాగి పడుకునేవాడు.

అప్పటికే ఆయన కళ్ళు చెడిపోయాయి. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. కొలకర్ర మీద అంకెలు నేను చదివితే ఆయన రాసేవాడు, గీత దాటిపోతూ. “కింద తెలిస్తే ఇంటికి తోలేస్తారు రా. సూసే పనికి గుడ్డోడు యాల?” అనేవాడు. తర్వాత వాలు వైపు ముఖం తిప్పి, “ఎన్ని?” అనేవాడు.

మేకలు ఏడున్నంతకాలం ఏడనే చెప్పాను. మంచు తెరిపిచ్చి, అవి అయిదైన రోజు “ఎనిమిది మామా, ఒకటి తిరిగొచ్చింది” అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది. ఆ పూట రాగిసంకటి కెలికి, రెండు ముద్దలు తిన్నాడు. నాకు అబద్ధం చాలా సులువైన వైద్యంగా కనబడింది. మరుసటి రోజు తొమ్మిది చేశాను. ఒక పిల్లను కూడా పుట్టించాను. ఆ మర్నాడు వాలు మీద ఏమీ లేదు. తెల్లటి గోడ. “ఎన్ని?” అన్నాడు. “తొమ్మిది. మేస్తున్నాయి” అన్నాను. మామ ఫోను తిప్పి, లారీలు వదలమన్నాడు.

తర్వాత, “పిల్ల అడుగు ఎంతుండాదో సూస్తాం పా” అన్నాడు. నేను చలి అన్నాను, కాలు నొప్పి అన్నాను, సంకటి మాడుతుందన్నాను. ఆయన కర్ర తీసుకుని వాగు దాకా దిగాడు. మేకలు రోజూ వాగు దాటి వాలెక్కే దారి అది. చేతితొడుగులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ దారి పొడవునా తడుముకుంటూ పాకాడు. వేళ్ళు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి.

“ఇవి నిన్నటివి. గట్టిపడిపోయినాయి.” ఇంకొంత దూరం పాకాడు. “ఇవీ నిన్నటివే. ఎన్ని అన్నావు రా?”

“తొమ్మిది.”

“యాడ?”

“లేవు మామా.”

“ఎప్పట్నించి?”

“ఎనిమిది అన్నప్పట్నించి. అప్పటికి అయిదే.”

ఆయన లేచి నిలబడలేక నా చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. “నన్ను ఎన్ని మాటలన్నా నవ్వుకున్నా గదప్పా. ఆ లారీల్లో మనుషులుండారు. ఈ ఒక్కదాంట్లో వొద్దు” అని, గట్టుకు ఎగబాకాడు. నేను వెనక నుంచి తోశాను. గుడిసెలో ఫోను అందుకుని, లారీలు ఆపండని అరిచాడు. ఎందుకని కింద అధికారి అడిగాడు. “నా కళ్ళు కనబడవు సాబ్. చాలా దినాలైంది. నేను సెప్పింది తప్పు” అన్నాడు. నా పేరు రాలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకూ నోరు రాలేదు.

మహాకావ్యమైతే ఇక్కడ కొండ విరిగి పడాలి. పడలేదు. అయిదు రోజులు లారీలు ఆగాయి, ఆ వాలు అరుగు మీది ముసలమ్మలా కదలకుండా కూర్చుంది. ఆరో రోజు రోడ్డు తెరిచారు. ఏడో రోజు మామను దించేశారు. ఆ మరుసటి వారం వాలు మీద నాలుగు మేకలు కనబడ్డాయి. పుస్తకంలో రాశాను. ఆ రోజు “ఎన్ని?” అని అడిగేవాళ్ళు లేరు.

రెండేళ్ళకు నేనూ ఆ ఉద్యోగం మాని, పాకాలలో దిగి మామ వాళ్ళింటికి పోయాను. వసారాలో మంచం మీద కూర్చుని దిండుకు దూది విడదీస్తున్నాడు. చూపు పూర్తిగా పోయింది. నా గొంతు పట్టి ముఖం తిప్పి, “వీధిలో ఏముండాది రా?” అన్నాడు.

చూసి చెప్పాను. “కాకులు మూడు. గాడిద ఒకటి, పడుకుంది.”

“ఏ పక్కకు?”

“నీ పక్కకే మామా. క్షేమసమాచారం అడగాలని ఉన్నట్టుంది.”

నవ్వాడు. నవ్వు ఆగాక, “సరిగ్గా లెక్కబెట్టినావా?” అన్నాడు.

“రెండుసార్లు.”

చెప్పాల్సిన మాట అప్పుడన్నా చెప్పి ఉండాలి. గాడిద గురించి ఇంకో రెండు మాటలు చెప్పి, టీ తాగి, రైలెక్కాను. ఆ వానాకాలంలో ఆయన పోయాడు. నేను ఇప్పటికీ దేన్నైనా ఎగతాళి చేస్తాను, ఆఖరికి శవయాత్రల్ని కూడా. కానీ ఎవరైనా ఎన్ని అని అడిగితే, కోడిగుడ్లయినా సరే, రెండుసార్లు ఎంచందే నోరు తెరవలేను.

మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకు కళ్ళు పాడవకుండా నల్లద్దాలు పెట్టుకోవాలట. మా గుడిసెకు ఇచ్చింది ఒకే జత, అది నేను పెట్టుకునేవాణ్ణి. రెండో జత కావాలంటే ఒక ఫారం నింపి కింద క్యాంపుకు పంపాలి, వారంలో వస్తుంది. ఫారాలు నింపడం గుమాస్తా పని.