బుర్మాకాన్ కిటికీలు

చలి మొదలవగానే బుర్మాకాన్ అవ్వ పిండి జిగురు కాచి, కాగితం చీలికలతో కిటికీల సందులన్నీ మూసేస్తుంది. నిద్రపోయే పసిదాని నుదురు నిమిరినట్టు వేలికొనతో ఒక్కో అంచునూ నిమురుతుంది. ఇక వసంతం దాకా ఆ ఇంట్లోకి గాలి రాదు. పొయ్యి వెచ్చదనం, గొర్రెకొవ్వు వాసన, మనవరాలి తొట్టి ఊగే చప్పుడు లోపలే తిరుగుతుంటాయి.

ఊరి వెనక మూతపడ్డ యురేనియం గని ఉంది. అక్కడ పారబోసిన రాళ్లతోనే ఆమె భర్త ఈ ఇల్లు కట్టాడు. ఆకురాలే రోజుల్లో కొలతల ఆఫీసు నుంచి గుల్జినా వచ్చి చిన్న నల్లడబ్బా ఇచ్చింది. "ఈ రాళ్లలోంచి రేడాన్ అనే గాలి వస్తుందవ్వా. రంగుండదు, వాసనుండదు, ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. అదెంతుందో కొలిచే డబ్బా ఇది, నేలమాళిగలో పెట్టు." మూడు నెలలకు వచ్చి చూస్తే అది అతిథుల్ని కూర్చోబెట్టే చోట, గుమ్మానికి ఎదురుగోడ దగ్గర, మడతపెట్టిన పరుపుల మీద ఉంది.

"అదేంటవ్వా!"

"ఇంటికొచ్చినదాన్ని నేలమాళిగలో బంగాళాదుంపల మధ్య పడేస్తామటే? నీకు మర్యాద తెలీకపోతే నాకూ తెలీదా?"

గుల్జినా నవ్వుతూ పట్టుకెళ్లింది. ఫలితంతో తిరిగొచ్చినప్పుడు నవ్వలేదు. "ఉండదగ్గదానికి తొమ్మిది రెట్లుందవ్వా. నేలమాళిగలో కాదు, ఇక్కడే. కిటికీలు మూసేస్తే బయటికి పోలేక లోపలే పోగవుతుంది."

ఆ గోడకు ఆనుకునే పాప తొట్టి ఉంది. బుర్మాకాన్ దాన్ని గుమ్మం పక్కకు, చెప్పులు విడిచే చోటికి లాగింది. "అయ్యో అత్తమ్మా, పిల్లకి చలేస్తుంది!" అంది కోడలు. "ఇంకో దుప్పటి కప్పవే," అంటూ వేలికొనతో కిటికీ అంచు తడిమి, తాను అంటించిన కాగితాన్ని పైనుంచి కిందిదాకా చీల్చింది. చలికాలమంతా బయట నిలబెట్టిన చుట్టంలా మంచుగాలి లోపలికి వచ్చింది.