నా మొహంలో దొరికే జవాబులు

నాచారంలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా పంతులమ్మనైన ఆ రోజుల్లో, ప్రశ్న అడిగాక క్లాసులో పరుచుకునే నిశ్శబ్దాన్ని నేను అస్సలు ఓర్చుకోలేకపోయేదాన్ని. పిల్లలు ఆలోచిస్తుంటే నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. ట్రైనింగులో మాకు చెప్పిందేమో, మొదట పిల్లలకు ఆసరా ఇవ్వాలి, పట్టు దొరికాక మెల్లగా తీసేయాలి అని. ఇవ్వడం నాకు బ్రహ్మాండంగా వచ్చింది. (తీసేయడం గురించి చెప్పిన రోజు బహుశా సెలవు పెట్టి ఉంటాను.) ఐదో తరగతికి భిన్నాలు చెబుతూ, తప్పు జవాబొస్తే కనుబొమ్మలు ఎగరేసేదాన్ని, ఒప్పయితే పళ్లన్నీ కనిపించేలా నవ్వేదాన్ని. ఏదడిగినా పిల్లలు టకటకా చెప్పేసేవారు. నా అంత టీచరు ఉప్పల్ దాకా వెతికినా దొరకదనుకున్నాను.

నన్ను ఉద్యోగంలో ఉంచాలా వద్దా తేల్చడానికి పెద్ద మేడం (మా హెడ్మిస్ట్రెస్‌ను అందరం అలాగే పిలిచేవాళ్లం) ఒకరోజు క్లాసుకొచ్చింది. నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టి, తనే అడిగింది: "మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా?" అంతే, క్లాసు క్లాసంతా మెడలు తిప్పి నా వైపు చూసింది. నేను ఫ్యాను చూశాను, నేల చూశాను. ముందు బెంచీలోని రెండు జడల పిల్ల "నాలుగోవంతు" అని, నా కనుబొమ్మ కదిలేసరికి "కాదు, మూడోవంతు మేడం" అని దిద్దుకుంది. "ఎందుకట్ల?" అంది పెద్ద మేడం. "మా మేడం మొహం గట్లనే ఉంది."

బయటికొచ్చాక పెద్ద మేడం నన్ను తిట్టలేదు. "పిల్లలు లెక్కలు నేర్సుకోలే బిడ్డా, నిన్ను నేర్సుకున్నరు. సోమవారం మళ్లొస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే ఇంకో టీచర్ని సూసుకోవాలె" అంది. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. మర్నాడు కరోనా నాటి మాస్కు తగిలించుకుని వెళ్తే, గంట కొట్టేలోపే పిల్లలు నా కళ్లు చదవడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని, గుండ్రటి కాగితం రొట్టెలు చేతికిచ్చి మూడేసి, నాలుగేసి ముక్కలుగా కోయించాను. తర్వాత కాగితాలు తీసేసి బొమ్మ గీయమన్నాను. వాళ్లు గీస్తున్నంతసేపూ కిటికీ వైపు తిరిగి చున్నీ కొరుక్కుంటూ నిలబడ్డాను.

సోమవారం పెద్ద మేడం అదే ప్రశ్న వేసింది. వెనక బెంచీలో నేను కనుబొమ్మలు కదలకుండా వేళ్లతో అదిమి పట్టుకున్నాను. రెండు జడల పిల్ల లేచి, బోర్డు మీద రెండు రొట్టెలు గీసి, ఒకదాన్ని ముగ్గురికీ ఇంకోదాన్ని నలుగురికీ పంచి, "మంది ఎక్కువైతే ముక్క సిన్నగైతది మేడం. మూడోవంతే పెద్దది" అంది.

ఉద్యోగం నిలిచింది. మస్తు సంతోషపడాల్సింది పోయి, సాయంత్రం బస్సులో కూర్చుని, ఆ పిల్ల ఒక్కసారన్నా నా వైపు తిరగలేదే అని అలిగాను. నా అవసరం లేకుండా చేయడానికి వారమంతా తిప్పలు పడి, తీరా లేకుండా పోయాక మూతి ముడుచుకున్న అప్పటి నాలోని పిచ్చిపిల్లను తలుచుకుంటే, ఇప్పటికీ పక్కన కూర్చుని భుజం తట్టాలనిపిస్తుంది.