బొట్టు చెరిగిన పటం

మహిళా దినోత్సవ సభకని న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో వెల్లింగ్టన్ రైలెక్కాను. ఒళ్ళో అమెరికా సెనేట్‌లో కూర్చున్న తొలి మహిళ పటం ఉంది. ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిందని డయలప్ నెట్‌లో చదివి, ఆమెను ఎంచింది నేనే. మన అలవాటు ప్రకారం అద్దం మీద గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండ వేసి మరీ తీసుకెళ్తున్నాను.

ఎదుటి సీట్లో ఒక నల్లజాతి పెద్దావిడ. మాట తీరు అమెరికాది. పటం చూసి మొహం చిట్లించింది.

"ఈవిడ మీ దేవతా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"కాదు. ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన మనిషి."

"ఏ ఆడవాళ్ళ కోసం? మా మగవాళ్ళని చెట్లకి ఉరితీయమని సభల్లో చెప్పిన మనిషి ఈవిడ. మా తాతదీ ఈవిడ రాష్ట్రమే."

"అదంతా నాకు తెలీదు," అన్నాను చిరాగ్గా.

"తెలుసుకోకుండానే పూజ చేశావన్నమాట."

వంగి, బొటనవేలితో ఆ బొట్టు తుడిచేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బొట్టు చెరపడమంటే మనకేమిటో ఆవిడకేం తెలుసు? నేను కసిరేలోపే స్టేషనొచ్చింది. ఎర్రబడ్డ వేలితోనే దిగిపోయింది.

ఆవిడ మీద కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ రోజు హాలు గుమ్మంలో కుంకుమ భరిణె మూత తీశాక, ఆ పటానికి మళ్ళీ బొట్టు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.