ఎక్స్‌ప్రెస్ మామయ్య, బట్టల క్లిప్పులు

మామూలు మనిషి ఒక నవల అట్ట మీద బొమ్మ చూసి తేరుకునేలోపు ఎక్స్‌ప్రెస్ మామయ్య ఆ నవల ముగించి, బాగాలేదని పెదవి విరిచి, ఇంకోటి అందుకునేవాడు. ఊరందరికీ ఆయన ఎక్స్‌ప్రెస్ మామయ్యే. అసలు పేరు లైబ్రరీ కార్డు మీద మాత్రం ఉండేది.

జీవితమంతా బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక కూర్చోమంటే ఆయనకు కూర్చోవడం చేతకాలేదు. లైబ్రరీలో బీరువాల మధ్య నిలబడి, ఒక చేత్తో పై అర పట్టుకుని, ఎవరూ బ్రేకు వేయకపోయినా ముందుకీ వెనక్కీ ఊగుతూ చదివేవాడు. బొటనవేలు నాలుకకు తగిలించి, టికెట్లు చింపిన జోరులో పేజీలు తిప్పేవాడు. అధ్యాయం అయిపోగానే "రైట్ రైట్!" అని కేకేసేవాడు. పత్రికల గదిలో కునుకు తీస్తున్న పెద్దమనుషులు తాము దిగాల్సిన చోటు వచ్చిందనుకుని ఉలిక్కిపడి లేచేవారు.

లైబ్రేరియన్‌కు ప్రాణం మీదికి వచ్చేది. ఆవిడ ఒక్కో వాక్యాన్నీ నెమరు వేసుకుంటూ, నెలకొక పుస్తకం చదివే మనిషి.

"మామయ్యగారూ, ఇవి చదువుతున్నారా, గాలికి ఆరబెడుతున్నారా?" అంది ఒకరోజు.

"అనుమానమా? అడుగమ్మాయ్!"

ఆవిడ ఆయన చేతిలోని నవల తీసుకుంది. "ఇందులో ఏముందో చెప్పండి."

"ఎక్కినవాళ్ళు తొమ్మిదిమంది. దారిలో ఇద్దరు దిగిపోయారు. వంటవాడు జ్వరంతో, పెద్ద కోడలు బావిలో జారిపడి. రాసినవాడికి చేతులెలా వచ్చాయో!"

ప్రేమకథైనా యుద్ధమైనా ఆయన లెక్క అదే. ఎవరెక్కారు, ఎవరు మధ్యలో దిగిపోయారు. ఎవరూ దిగని పుస్తకం దొరికితే ఆ రోజు ఆయన కాళ్ళు నేలమీద నిలిచేవి కావు. దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పరుగో పరుగు.

ఇంతవరకూ ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది పుస్తకాలకు జరుగుతున్న అన్యాయం. ఆయన తిరిగిచ్చిన పుస్తకాల్లో ఎక్కడో ఓచోట పేజీల అంచుకు పళ్ళు దిగినట్టు నొక్కులు. ఆ పేజీల నిండా నీటిచుక్కల మరకలు. చివరికి ఒకదానితో ఎర్ర బట్టల క్లిప్పే వచ్చింది.

"ఏమిటిది?"

"బట్టల క్లిప్పు."

"కళ్ళున్నాయి, కనిపిస్తోంది. పుస్తకానికెందుకు?"

"అక్కడ రోడ్డు బాగాలేదమ్మాయ్."

"మరి ఈ నీళ్ళేంటి?"

"నీళ్ళా?" మామయ్య పుస్తకం లాక్కుని చూశాడు. "ఆ పేజీల్లోకి ఎవరూ వెళ్ళరే!"

ఈ డొంకతిరుగుడు మాటలకు ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "మీ కార్డు రద్దు చేస్తున్నాను. ఇంట్లో ఉన్న పుస్తకం తెచ్చిచ్చేయండి."

మామయ్య ముఖం పాలిపోయింది. "నన్ను లోపలికి రానివ్వకు, ఫర్వాలేదు. ఇంటికి మాత్రం పుస్తకాలు ఆపకమ్మాయ్. అవి లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు."

మర్నాటి నుంచి లైబ్రరీ గేటు బయట కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. చదవడానికేమీ లేక వీధిలో ఉన్న బోర్డులన్నీ చదివేసి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. పుస్తకం మాత్రం తేలేదు. వారం చూసి, ఒక సాయంత్రం లైబ్రేరియనే ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపు ఓరగా తీసి ఉంది. కిటికీ పక్క కుర్చీలో మామయ్య అక్కగారు. పక్కన చేతికర్ర, ఒళ్ళో నవల, గిన్నెలో రంగురంగుల బట్టల క్లిప్పులు. కళ్ళవెంట ధారలు కారుతున్నాయి, ముఖం మాత్రం ఎంతో హాయిగా ఉంది.

"లైబ్రరీ అమ్మాయివా? రా తల్లీ, కూర్చో. పడవవాడు పోయాడు."

"అయ్యో, ఏ పడవవాడండీ?"

"ఈ కథలోవాడు. బంగారంలాంటి మనిషి." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "మా ఆయన పోయాక తమ్ముడు నన్నిక్కడికి తెచ్చుకున్నాడు. నేను గడప దాటలేను, నాకు పుస్తకాలే లోకం. కానీ నా కంట చుక్కనీరు చూస్తే వాడికి కాళ్ళూచేతులూ ఆడవు. అందుకే ముందు వాడు చదువుతాడు. ఎవరూ పోని కథలు ఏరుకొస్తాడు. అలాంటివి ఎన్నని దొరుకుతాయి? దొరకనప్పుడు, మనిషి పోయేచోట క్లిప్పు బిగించి, 'ఇక్కడ రోడ్డు బాగాలేదక్కా, చుట్టూ తిరిగి వెళ్ళు' అంటాడు."

"మరి మీరు?"

"వాడు మలుపు తిరగ్గానే క్లిప్పు తీసేస్తాను. మనిషి ఏమయ్యాడో తెలియకుండా ఎలా ఉంటామమ్మా? తనివితీరా ఏడ్చి, వాడొచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తాను. వాడితో అనకు తల్లీ, నొచ్చుకుంటాడు."

బయట దబదబా అడుగుల చప్పుడు. అక్కగారు టక్కున క్లిప్పు బిగించి ముఖం తుడుచుకుంది. లోపలికొచ్చిన మామయ్య లైబ్రేరియన్‌ను చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"అక్కా! ఈ అమ్మాయి నీకేమైనా చెప్పిందా?"

"ఏం చెప్పలేదురా. పడవవాడి సంగతి మాట్లాడుకుంటున్నాం. చివరికి ఎలా ఉన్నాడంటావు?"

"వాడికేం, దివ్యంగా ఉన్నాడు! కూతురింట్లో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు."

"నేనూ అదే అనుకున్నానురా," అంది అక్కగారు తల దించుకుని.

లైబ్రేరియన్ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది. గొంతు సర్దుకుని, "కార్డు ఉంటుంది మామయ్యగారూ. క్లిప్పులు మాత్రం వద్దు, మెత్తటి రిబ్బను కట్టుకోండి," అంది.

"ఒట్టమ్మాయ్, ఆ నీళ్ళు నేను పోయలేదు!"

"మా లైబ్రరీ కప్పే కారుతోందేమో లెండి."

మర్నాడు మామయ్య మళ్ళీ బీరువాల మధ్య ఊగుతూ కనిపించాడు. మధ్యాహ్నానికి ఒక లావుపాటి నవల ముగించి, రిబ్బను కట్టి బల్ల దగ్గరికి తెచ్చాడు. లైబ్రేరియన్ సంచిలోంచి కొత్త చేతిరుమాలు తీసి ఆ నవలలో పెట్టింది.

"ఇదేమిటమ్మాయ్?"

"పేజీ గుర్తు. అక్కగారికివ్వండి."

"ఇంత పెద్దదా?"

"పెద్ద నవల కదా మామయ్యగారూ!"

అదీ నిజమేననుకున్నాడో ఏమో, పుస్తకం చంకలో పెట్టి "రైట్ రైట్!" అంటూ మెట్లు దిగి పరుగెత్తాడు. పత్రికల గదిలో పెద్దమనుషులు ఉలిక్కిపడి లేచారు. లైబ్రేరియన్ ఈసారి ఎవర్నీ కసరలేదు.