మాట్లాడే ఉద్యోగం

నాకు మాట్లాడ్డం వచ్చు. అంతకు మించి నేర్చుకున్నదేదీ నాకు అన్నం పెట్టలేదు. బి.ఏ. పట్టా, టైపు హయ్యరు, షార్ట్‌హ్యాండ్ లోయరు అన్నీ ఉన్నాయి. డెబ్బైల చివర్లో వాటిని సంచిలో పెట్టుకుని అమలాపురంలో నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టింది నా గొంతు. ఆ గొంతు లేకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మా ఊరు రాజోలు పక్కన. నాన్న మిషన్ బళ్లో హెడ్మాస్టరు. మా పేటలో సంతకం పెట్టగలిగిన ప్రతివాళ్లూ ఆయన దగ్గర పలక పట్టినవాళ్లే. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉందో, ఎవరికి జ్వరమో, ఎవరికి పెళ్లి కుదిరిందో లేచి నిలబడి చదివే పని చిన్నప్పటినుంచీ నాదే. "మేష్టారి పిల్ల చదివితే గేటు బయటున్నోళ్లకి కూడా వినపడుద్దండీ" అని మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని.

ఎనభైల మొదట్లో మద్రాసు నుంచి ఒక కంపెనీ దిగింది. కొబ్బరిపీచుతో తాళ్లు, పరుపులు చేసే ఫ్యాక్టరీ పెడతామంది. అమలాపురంలో అద్దె ఇంట్లో వాళ్ల ఆఫీసు. టైపిస్టుగా చేరాను. మేనేజరుకి తెలుగు రాదు. మా ఊరి కాలవగట్టు స్థలాలు అడగడానికి వెళుతూ, తన మాట తెలుగులో చెప్పమని నన్ను వెంట తీసుకెళ్లాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబితే పని జరగదని మొదటి గడపలోనే తెలిసింది. నేను "బాబాయి గారండీ, పిన్ని గారి మోకాళ్ల నొప్పులు తగ్గేయా? కొబ్బరి దింపులు బాగా వచ్చేయా?" అని అందుకునేదాన్ని. మా వైపు అంతే. ముందు వరస కలపాలి, వాళ్లు బొండాం కొట్టి చేతిలో పెట్టాలి, మనం తాగాలి, ఆ తర్వాతే వచ్చిన పని. మేనేజరు గడియారం చూసుకుంటూ విసుక్కునేవాడు. కానీ తెలివైనవాడు, కిటుకు పట్టేశాడు. నెల తిరక్కుండా నన్ను టైపుమిషను ముందునుంచి లేపి పబ్లిక్ రిలేషన్స్ అసిస్టెంట్‌ని చేశాడు.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ విని ఎరగరు. "ఏం చేస్తావమ్మా అందులో?" అని నాన్న అడిగారు. కంపెనీకీ జనానికీ మధ్య మాట్లాడతానన్నాను. "అయితే పెళ్లిళ్ల పేరయ్యవన్నమాట" అని నవ్వారు. నా ఈడు ఆడపిల్లలు చదువుకుంటే టీచరో, నర్సో. నేను జీపులోంచి దిగుతుంటే అరుగుల మీదివాళ్లు లేచి చూసేవారు. గర్వంగానే ఉండేది, లేదని ఎందుకనాలి?

కంపెనీ ఇచ్చిన మాట ఒక్కటే. స్థలం అమ్మిన ఇంటికి ఒక ఉద్యోగం. మేనేజరు చెప్పమన్నాడు, నేను నమ్మాను, గడపగడపకీ చెప్పాను. పేట చివర ఒక బాబాయి ఉండేవాడు. రక్తసంబంధం కాదు, నాన్న దగ్గర చదువుకున్నవాడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. ఉన్న ఇరవై సెంట్ల తోటా రాసిచ్చేశాడు. వాళ్లమ్మాయి పదో తరగతి పాసై ఇంట్లో ఉంది. ఆ ఉద్యోగం దానికి.

సంతకాల రోజు బాబాయి పక్కింటాయన గొణిగాడు, ఉద్యోగం సంగతి కూడా కాగితం మీద రాయించుకుందామని. బాబాయి కసురుకున్నాడు.

"మేష్టారి పిల్ల మనింట్లో కూర్చుని చెప్పేక కాగితం అడుగుతామేంటండీ? రేపు మేష్టారి మొహం ఎలా చూస్తాం?"

"ఆయ్, నిజమేనండీ" అన్నారు అందరూ. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పరాయివాడు చెప్పి ఉంటే స్టాంపు కాగితం మీద రాయించుకునేవారు. సొంతమనిషిని కాగితం అడగడం మావాళ్లకి తిట్టడంతో సమానం. ఆ మర్యాదే వాళ్ల కొంప ముంచింది.

ఫ్యాక్టరీ లేచింది. పనివాళ్లు ఎక్కడినుంచో లారీల్లో దిగారు. మావాళ్లకి పని రాదన్నాడు మేనేజరు. నేర్పించమన్నాను. చూద్దామన్నాడు. ఆ 'చూద్దాం' మోసుకుని ఏడాదిపాటు అవే ఇళ్ల చుట్టూ తిరిగాను. వాళ్లు బొండాలు మాత్రం కొడుతూనే ఉన్నారు.

ఆఖరికి ఆ పక్కింటాయన అందరిచేతా సర్కారుకి అర్జీ పెట్టించాడు. ఒక అధికారి వచ్చి బడి వరండాలో విచారణకి కూర్చున్నారు. ఉన్నదంతా అమ్ముకున్నవాడని బాబాయిని ముందు పిలిచారు.

"ఉద్యోగం ఇస్తామని నీకెవరు చెప్పారు?"

బాబాయి నా వైపు చూశాడు. తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదండీ. మేవే అనుకున్నావండి."

పెద్దవాడు అలా అనేసరికి మిగతావాళ్లు తలలు దించుకున్నారు. నేను లేచాను. "నేను చెప్పానండీ. కంపెనీ చెప్పమంటేనే చెప్పాను" అన్నాను. మేనేజరు తొణక్కుండా ఇంగ్లీషులో అందుకున్నాడు. ఈ అమ్మాయిది చిన్న ఉద్యోగం, మాట ఇచ్చే అధికారం లేదు, తనవాళ్ల మీద ప్రేమకొద్దీ ఏదో అని ఉంటుంది, అన్నాడు. నోటితో మాట్లాడ్డానికే నాకు జీతమిచ్చే మనిషి! అధికారి నన్ను జాలిగా చూసి, "ఆయనే లేదంటున్నాడు కదమ్మా" అని కలం మూత పెట్టేశారు.

బడి గేటు దగ్గర బాబాయిని ఆపాను. ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువొచ్చింది.

"ఎందుకలా చెప్పేరు బాబాయి గారూ? నా పేరు చెప్పచ్చు కదా!"

"చెబితే నీ ఉద్యోగం పోద్ది కదమ్మా" అన్నాడు. "మన పేటలో ఆఫీసులో కుర్చీ ఉన్నది నీకొక్కదానికే. మా పిల్లకి ఎలాగూ రాలేదు. నీదీ పోతే ఏం మిగుల్తాది?"

ఆ ఎండాకాలమే ఆ పిల్ల కువైట్ వెళ్లింది, ఇళ్లలో పనికి. నేను మానేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. మానేస్తే ఆయన ఆడిన అబద్ధం కూడా దండగైపోతుంది. మరుసటేడు నన్ను ఆఫీసర్ని చేసి, కపిలేశ్వరపురం వైపు ఇంకో ఫ్యాక్టరీకి స్థలాలు చూడమన్నారు. వెళ్లాను. బాబాయి అనుకున్నట్టే నా ఉద్యోగం పోలేదు. రిటైరయ్యేదాకా చేశాను.