అమ్మలాంటి ఆమె

అప్పట్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. నేను పదో తరగతి.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తి నవ్వింది. ముఖం అమ్మదే, చీర అమ్మదే. కానీ ఆమె అమ్మ కాదని నాకు తెలిసిపోయింది. ఎలాగంటే చెప్పలేను. ఎవరో పరాయి మనిషి అమ్మను చూసి చూసి నేర్చుకుని, వచ్చి కూర్చున్నట్టుంది.

"గట్ల జూస్తవేందే? కాళ్లు కడుక్కోపో, అన్నం తిందువు."

గొంతు కూడా అచ్చం అమ్మదే. అందుకే ఇంకా భయమేసింది.

ఆమె వండింది తినడం మానేశాను. తల దువ్వబోతే గోడకు అతుక్కుపోయేదాన్ని. చివరికి ఒక సాయంత్రం నాన్న ముందే అడిగేశాను.

"మా అమ్మను ఏం జేసినవ్?"

ఆమె కళ్లు నిండాయి. ఏడవడం కూడా ఎంత బాగా నేర్చుకుందో అనుకున్నాను.

చుట్టాలు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. తలనొప్పులు కూడా మొదలయ్యాక దవాఖానకు తీసుకెళ్లారు. మానసిక వైద్యురాలు తలకు స్కాన్ రాసింది. తెర మీద నా మెదడు పక్కన నల్లటి ఖాళీ. నీటితిత్తి అట, పుట్టుకతోనే ఉండి ఉంటుందట.

"దీనితోనేనా మేడం, బిడ్డ గిట్లయింది?" నాన్న అడిగాడు.

"కావచ్చు, కాకపోవచ్చు. ఇది ఉండి కూడా ఏమీ కాని వాళ్లు చాలామంది. ఖాయంగా చెప్పలేను."

ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మాత్రలు ఇచ్చారు. నెలలు గడిచాయి. ఒక పొద్దున నాకు జడ వేస్తున్న చేతులు అమ్మవేనని ఉన్నట్టుండి తెలిసింది. వెనక్కి తిరిగి గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఉద్యోగం చేస్తున్నాను. మాత్రలు లేవు. తిత్తి అలాగే ఉంది.

మొన్న ఆదివారం టీ తాగుతూ అమ్మ అడిగింది. "గప్పుడు ఇంట్ల ఉన్నది నేను గాదంటివి గదా. మరి నేను యాడున్ననుకున్నవే?"

"కింద, గేటు బయట. లోపలికి రానిస్తలేరని పైకి జూస్కుంట నిలవడుతుంటివి. రోజూ కనవడేదానివి."

అమ్మ లేచి వెళ్లి, బాల్కనీలోంచి కింద గేటు వైపు ఒకసారి చూసి, తలుపు వేసి వచ్చింది.